కెర్నల్ కంపైల్ చేస్తే పాత కంప్యూటర్ గుర్రం అయిపోదు సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం మీ పేపర్లో పాత కంప్యూటర్ల మీద వ్యాసం వచ్చింది. విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14 తో మామూలు సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని మిషన్లని గేటు బయటే నిలబెడతాది, కాబట్టి బాగున్న కంప్యూటర్లని పాత ఇనుప సామాన్లోడికి ఎయ్యకుండా లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోండి అని రాసినారు. చాలా మంచి మాట, మా అంగట్లో నేను కూడా అదే చేసినాను. కానీ ఆఖరి పేరాలో ఇంకో ముక్క తగిలించినారు చూడండి, లినక్స్‌తో వచ్చే కెర్నల్లో (అంటే దాని నడిమి గింజలో) మనకి అక్కర్లేని వేల డ్రైవర్లు, అంటే ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రాంలు, ఉంటాయి, అవన్నీ మెమరీలో కూర్చోని తింటా ఉంటాయి, మన మిషన్‌కి తగినట్టు కెర్నల్ మనమే కంపైల్ చేసుకుంటే, అంటే మూల కోడ్ నుంచి మనమే తయారు చేసుకుంటే, స్పీడ్ రెట్టింపు అవుతాది అని. ఆ ముక్క చదివి మా మేనల్లుడు మా అంగట్లో మిషన్ మీద నిజంగానే ఆ పని చేసినాడు. తర్వాత ఏమైందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఎక్కువనిపిస్తే కోసేసుకోండి గానీ డ్రైవర్ల గురించి రాసిన భాగం మాత్రం కొయ్యద్దు.

నేను అనంతపురం కమలానగర్లో డీటీపీ, జెరాక్స్ అంగడి పెట్టుకున్నోడిని, ఇరవై ఏళ్ల పైమాటే. కంపైల్ అంటే తెలియక భయపడి రాస్తాండాడు అనుకోకండి. 2002 లో డిగ్రీ అయిపోయిన కొత్తల్లోనే నేను ఈ పని చేసినాను. అప్పట్లో మాకు నెట్ యాడిది, పీసీ క్వెస్ట్ పత్రికతో లినక్స్ సీడీ వస్తే ఫ్రెండ్స్ అందరం చేతులు మార్చుకుంటా వాడుకునేవాళ్లం. నా దగ్గర పెంటియం 3, 64 ఎంబీ ర్యామ్, అందులో రెడ్ హ్యాట్ 7.2. ఆ రెడ్ హ్యాట్ వాళ్ల కెర్నల్లో విండోస్ డిస్క్‌ని చదివే ఎన్టీఎఫ్ఎస్ డ్రైవర్ పెట్టేవాళ్లు కాదు, అంటే పక్కనే ఎక్స్‌పీ ఉన్న పార్టిషన్లో కస్టమర్ ఫైలు ఉంటే లినక్స్ లోంచి కంటికి కూడా కనపడదు. ఆ ఒక్కదాని కోసం 2.4 కెర్నల్ కంపైల్ చేసినాను, మేక్ డెప్, మేక్ బీజెడ్ ఇమేజ్, మేక్ మాడ్యూల్స్ అని కమాండ్లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి పడుకుంటే తెల్లారేదాకా ఆడింది. తెల్లారి లేచి చూసి కొత్త ఫైల్ని పాతదాని మీదనే కాపీ కొట్టి, లైలో కమాండ్ ఇయ్యడం మర్చిపోయి రీస్టార్ట్ చేస్తిని. స్క్రీన్ మీద లైలో అని పడింది గానీ కెర్నల్ ఎక్కక అట్లే నిలబడిపోయింది. లైలో అనే ఆ బూట్ ప్రోగ్రాం డిస్క్‌లో కెర్నల్ యాడుందో ముందే రాసి పెట్టుకుంటాది, కెర్నల్ మార్చినాక మళ్లీ ఆ కమాండ్ ఇయ్యకపోతే కొత్తది యాడుందో దానికి దొరకదన్నమాట. బూట్ ఫ్లాపీ కోసం ఎండలో సప్తగిరి సర్కిల్ దాకా నడిచి పోయినాను ఆ రోజు.

అంటే ఆ రోజుల్లో కంపైల్ చెయ్యడానికి ఒక కారణం ఉన్నింది. 64 ఎంబీలో ఒక్కో ఎంబీ లెక్కే, కావాల్సింది కెర్నల్లో ఉండేది కాదు, అడిగితే ఇచ్చేవాళ్లు లేరు. ఇప్పుడు ఆ కారణం పోయింది, సలహా మాత్రం అట్లే మిగిలిపోయింది. పెంకుటిల్లు పోయి మిద్దె వచ్చినా వానకి ముందు పెంకులు సర్దాల అని చెప్పే పెద్దాయన ఉంటాడే, అట్లన్నమాట.

కంప్యూటర్ తెలియని మీ పాఠకుల కోసం ఒక ముక్క. మా జిల్లాలో కెర్నల్ అంటే శెనక్కాయల మండీలో ఒలిచిన పప్పు అనుకుంటారు, అర్థం కూడా దగ్గరదగ్గర అదే, పైన పొట్టంతా తీసేస్తే లోపల మిగిలే గింజ. మనం చూసే బొమ్మలు, మెనూలు, బ్రౌజర్ అన్నీ పొట్టు. మెమరీ ఎవరికి ఎంత, ప్రాసెసర్ ఎవరికి ఎంతసేపు, డిస్క్‌లో ఎవరు రాయొచ్చు, కీబోర్డు మాట ఎవరికి చేరాల, ఇవన్నీ చూసుకునేది కెర్నల్. ఫిన్లాండ్‌లో హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రోడు 1991 లో మొదలుపెట్టినప్పుడు అది ఓ పది వేల లైన్లు. ఇప్పుడు 3 కోట్ల లైన్లు దాటిపోయింది. అందులో ఎక్కువ భాగం డ్రైవర్లే, ప్రపంచంలో ఎవరి దగ్గర ఏ కార్డు, ఏ చిప్పు ఉంటాదో అన్నిటికీ.

మీ వ్యాసం రాసినాయన పొరపాటు పడింది సరిగ్గా ఇక్కడే. సోర్స్‌లో 3 కోట్ల లైన్లు ఉంటే అవన్నీ మన ర్యామ్‌లో ఎక్కి కూర్చున్నట్టు కాదు. ఉబుంటు, మింట్, డెబియన్ లాంటి లినక్స్ రకాల వాళ్లు ఇచ్చే కెర్నల్లో డ్రైవర్లని ఎక్కువ శాతం మాడ్యూల్స్‌గా, అంటే విడి ముక్కలుగా, చేసి డిస్క్ మీద లిబ్ మాడ్యూల్స్ అనే ఫోల్డర్లో పడేసి ఉంటారు. మిషన్ ఆన్ అయినప్పుడు ఏ హార్డ్‌వేర్ కనపడితే దాని మాడ్యూల్ మాత్రమే మెమరీలోకి వస్తాది, మిగతావి అట్లే పడుంటాయి. గోడౌన్‌లో వంద బస్తాలు ఉంటే మాత్రం అంగట్లో గల్లాపెట్టె మీద బరువు పడతాదా? నమ్మకపోతే మెమరీలో ఎక్కిన మాడ్యూల్స్ చూపించే ఎల్ఎస్ మాడ్ కమాండ్ కొట్టి చూసుకోమనండి ఆయన్ని. మా మిషన్లో ఫోల్డర్లో వేలల్లో ఉన్నాయి, మెమరీలో ఎక్కినవి లెక్కపెడితే వంద కూడా లేవు, ఆ వందలో చాలా మటుకు కేబీల్లో ఉండేవే. అన్నీ కలిపినా మనం తెరిచి పెట్టుకునే ఒక్క యూట్యూబ్ ట్యాబ్‌కి సరితూగవు.

ఇంక మా వాడి కథ. వాడు ఇక్కడే ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. పేపర్ తీసుకొచ్చి "మామా, ఇది చేద్దాం మామా, నువ్వెప్పుడూ స్లో స్లో అని తిట్టుకుంటా ఉంటావు కదా" అన్నాడు. నేను "రేయ్ అది నేను నీ వయసులో పడిన గుంతే రా" అన్నాను గానీ వాడి మొహం చూసి వద్దనలేకపోయినాను, పైగా చేస్తేనే కదా తెలిసేది. మూడో మిషన్ ఇచ్చినాను, పాత ఐ3, రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, మింట్ 22, దాంతో పాటు వచ్చిన 6.8 కెర్నల్. వీడు 6.12 సోర్స్ దించినాడు, కుదించిన ఫైలే 150 ఎంబీకి దగ్గర, ఇప్పితే జీబీ దాటింది.

ముందు పాత కెర్నల్ కాన్ఫిగ్ ఫైల్నే (ఏవి ఉంచాల, ఏవి తియ్యాల అనే జాబితా) కాపీ చేసుకుని, కంపైల్ చేసే మేక్ కమాండ్ కొట్టినాడు. దానికి కావాల్సిన ఫ్లెక్స్ అనే ప్రోగ్రాం లేదు అనింది. అది ఎక్కిస్తే బైసన్ లేదు అనింది. అది ఎక్కిస్తే లిబ్ ఎల్ఫ్, తర్వాత ఓపెన్ ఎస్ఎస్ఎల్. పెండ్లికి సరుకులు తెచ్చినంక పసుపు మర్చిపోతిమి, వక్కలు మర్చిపోతిమి అని ఒక్కోదానికీ ఒక్కోసారి అంగడికి పరిగెత్తినట్టు. అన్నీ అయిపోయినాయి అనుకుంటే కెనానికల్ సర్ట్స్ పెమ్ అనే ఫైల్ లేదని ఇంకో ఎర్రర్. అది ఉబుంటు వాళ్ల సర్టిఫికెట్, వాళ్ల బిల్డ్ ఫోల్డర్లో ఉంటాది, మనకి యాడ నుంచి వస్తాది? కాన్ఫిగ్‌లో ట్రస్టెడ్ కీస్, రివొకేషన్ కీస్ అనే రెండు చోట్లా వాళ్ల ఫైల్ పేర్లు చెరిపేస్తే సరిపోతాది గానీ అది తెలుసుకునేదానికి వీడికి ఒక సాయంత్రం పట్టింది.

అప్పుడు నిజంగా కంపైల్ మొదలైంది. మే నెల, అనంతపురం, మధ్యాహ్నం. ఫ్యాన్ శబ్దానికి జెరాక్స్ మిషన్ శబ్దం వినపడలా. తప్పులు వెతికేదానికి పెట్టే డీబగ్ ఇన్ఫో తీసెయ్యకుండా మొదలుపెట్టినాడు కాబట్టి డిస్క్‌లో పది జీబీ, పదిహేను జీబీ అని తింటా పోతానే ఉంది, మూడు గంటలైనా కాలా, ఇంతలో కరెంట్ పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్ మంటే ఆపేసినాం. కరెంట్ వచ్చినాక మళ్లీ మేక్ అంటే ఆగిన చోట నుంచే అందుకుంటాది, అది మాత్రం మంచి ఏర్పాటు. కానీ వీడికి ఓపిక పోయి అడ్డదారి వెతికినాడు, లోకల్ మాడ్ కాన్ఫిగ్ అని ఒకటుంది, ఆ క్షణాన మిషన్లో ఏ మాడ్యూల్స్ నడుస్తాండాయో చూసి వాటిని మాత్రం ఉంచి మిగతావన్నీ కాన్ఫిగ్ లోంచి పీకేస్తాది. దాంతో నలభై నిమిషాల్లో అయిపోయింది. వాడు ఎగిరి గంతేసినాడు. ఈ అడ్డదారి పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాది.

మొదటిసారి బూట్ కాలా. ఏదో పాత నోట్స్ చూసి ఇమేజ్ ఒక్కటే చేత్తో బూట్ ఫోల్డర్లో కాపీ చేసినాడు, ఇనిట్ ర్యామ్ ఎఫ్ఎస్ ఎందుకులే దండగ అని చెయ్యలేదు. కెర్నల్ ప్యానిక్ (ఇంక ముందుకు పోలేనని కెర్నల్ చేతులెత్తేసేది), రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ చెయ్యలేకపోయినాను, అన్‌నోన్ బ్లాక్ సున్నా కామా సున్నా అని స్క్రీన్ మీద పడి కీబోర్డులో లైట్లు టకటక కొట్టుకుంటా ఉన్నాయి. వాడు భయపడి స్విచ్ ఆపేసినాడు. చూస్తే డిస్క్‌తో మాట్లాడే ఏహెచ్‌సీఐ డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంది. ఆ మాడ్యూల్ ఉండేది డిస్క్ మీద, డిస్క్ తెరవాలంటే ఆ మాడ్యూల్ కావాల. బీరువా తాళంచెవి బీరువా లోపల పెట్టి తలుపు మూసినట్టు. ఆ చిక్కు ఇప్పేదానికే ఇనిట్ ర్యామ్ ఎఫ్ఎస్ అనే చిన్న మూట ముందుగా మెమరీలోకి వస్తాది. నేను పక్కన కూర్చోని ఇదంతా చెప్తాంటే వాడు "మాకు క్లాసులో బూట్ ప్రాసెస్ ఒక పేజీ ఉండాది మామా, కానీ ఇది ఎందుకో ఎవరూ చెప్పలా" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ పది నిమిషాలు చాలా సంతోషమనిపించింది.

సరే, ఎట్లనో ఎక్కింది. కెర్నల్ పేరు వెనకాల మన ముద్ర ఏదైనా పెట్టుకోవచ్చు, వీడు ఉగ్గాని అని పెట్టినాడు, పొద్దున అదే తినొచ్చినాడులే. కెర్నల్ పేరు చూపించే యూనేమ్ కమాండ్ కొడితే 6.12 ఉగ్గాని అని చూపిస్తాది. ఇద్దరం కూర్చోని కొలిచినాం. ఆన్ చేసినప్పటి నుంచి డెస్క్‌టాప్ వచ్చేదాకా పాత కెర్నల్‌తో నిమిషం ఇరవై సెకన్లు, ఉగ్గానితో నిమిషం పదహారు. ర్యామ్ ఆదా అయింది 30 ఎంబీ కూడా లేదు. బ్రౌజర్ తెరవడం, లిబ్రే ఆఫీస్ తెరవడం కళ్లకి తేడా కనపడలా. మూడు రోజుల పనికి నాలుగు సెకన్లు. అవి కూడా కొత్త వెర్షన్ వల్ల వచ్చినాయో, కంపైల్ వల్ల వచ్చినాయో ఎవడు చెప్పొచ్చినాడు.

ఆ తర్వాత అదే మిషన్‌కి రెండు వేల లోపల వచ్చే ఎస్ఎస్‌డీ ఒకటి కొని పెట్టినాను, ఇంకో పాత మిషన్లోంచి 4 జీబీ ర్యామ్ పీకి దీంట్లో గుచ్చినాను. అదే మింట్, అదే డిఫాల్ట్ 6.8 కెర్నల్. ఇరవై సెకన్ల లోపల డెస్క్‌టాప్. మా వాడు నా వైపు చూసి ఏమీ మాట్లాడలా.

అసలు దెబ్బ సోమవారం తగిలింది. వీడు ఉగ్గానినే డిఫాల్ట్ చేసి పోయినాడు, నేను కూడా చూసుకోలా. పొద్దున్నే పరీక్ష హాల్ టికెట్లకని పిల్లలు క్యూ కట్టినారు. ఒక పాప పెన్‌డ్రైవ్ ఇచ్చింది, పెడితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇంకో పోర్ట్, ఇంకో పెన్‌డ్రైవ్, అట్లే. ఎందుకంటే వీడు లోకల్ మాడ్ కాన్ఫిగ్ కొట్టిన ఆ క్షణాన మిషన్‌కి పెన్‌డ్రైవ్ ఏదీ గుచ్చి లేదు, యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్ నడవడంలా, కాబట్టి అది అక్కర్లేని సామానని బయట పడేసింది, దాంతో పాటు పెన్‌డ్రైవ్‌ల ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చదివే మాడ్యూల్ కూడా పాయె. పెన్‌డ్రైవ్ లేకుంటే మెయిల్ చెయ్యమ్మా అంటే అదే గంటలో బయట రోడ్డు తవ్వేవాళ్లు కేబుల్ కోసేసినారు, నెట్ పోయింది. సరే ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్ ఇద్దాం అంటే దాని డ్రైవర్ కూడా లేదు! ప్రింటర్ ఒక్కటి మాత్రం పనిచేస్తాండాది, ఎందుకంటే ఈ కాలం ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ కెర్నల్లో ప్రింటర్ డ్రైవర్ లేకపోయినా నేరుగా మాట్లాడుకోగలదు. ప్రింటర్ ఉంది, పేపర్ ఉంది, ప్రింట్ చెయ్యాల్సిన ఫైల్ మాత్రం లోపలికి వచ్చే దారి లేదు. క్యూలో ఒకాయన "ఏమప్పా, బోర్డులో లినక్స్ అని రాసుకోరాదా, పక్క అంగడికి పోయేవాళ్లం" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

రీస్టార్ట్ చేసి, ఏ కెర్నల్ ఎక్కాలో అడిగే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోకి పోయి పాత 6.8 ఎంచుకుంటే రెండు నిమిషాల్లో అంతా మామూలైపోయింది. పాత కెర్నల్ తీసెయ్యకుండా ఉంచినాడు కాబట్టి బతికిపోయినాం. మీ వ్యాసంలో ఆ ఒక్క జాగ్రత్త కూడా రాయలేదు సార్.

ఆ అక్కర్లేని డ్రైవర్లు అనే మాట మీద నాకు కోపం ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. మన అంగడికి రేపు ఎవరు ఏమి తీసుకొస్తారో ఈ రోజు మనకు తెలీదు. డిఫాల్ట్ కెర్నల్ ఆ తెలియని వాళ్ల కోసం కూడా కట్టింది. మా జిల్లా రైతుకి కదిరి రీసెర్చ్ స్టేషన్ కే-6 శెనక్కాయ విత్తనం ఎట్లనో అది అట్లన్నమాట, ఏ ఒక్క చేనుకీ కొలిచి చేసింది కాదు, కానీ అందరూ అదే వేసినారు కాబట్టి తెగులొస్తే ఊరంతా ఒకే మందు మాట్లాడుకుంటారు, సైంటిస్టుకి కూడా ఫలానా విత్తనం అంటే వెంటనే తెలుస్తాది. సొంత విత్తనం చేసుకున్నోడికి దిగుబడి వస్తే రావచ్చు, తెగులొస్తే మాత్రం వాడొక్కడే చేనుగట్టు మీద కూర్చోవాల.

తెగులు అంటే గుర్తొచ్చింది, అసలు ముఖ్యమైంది ఇదే, మిగతాదంతా నా సొద అనుకోండి. 2022 మార్చిలో డర్టీ పైప్ అని ఒకటి బయటపడింది. 5.8 నుంచి అప్పటిదాకా వచ్చిన కెర్నల్స్‌లో మామూలు యూజర్‌గా లాగిన్ అయినవాడు తనకి చదివే హక్కు మాత్రమే ఉన్న ఫైల్లో రాతలు మార్చి మిషన్ మొత్తానికి యజమాని అయిపోవచ్చు. అంతకు ముందు 2016 లో డర్టీ కౌ అని ఇంకోటి, ఆ తప్పు 2007 నుంచి అందులోనే ఉందంట, తొమ్మిదేళ్లు. డిఫాల్ట్ కెర్నల్ వాడేవాళ్లకి ఏమైంది, అప్‌డేట్ మేనేజర్లో ఒక బటన్ నొక్కి రీస్టార్ట్ చేస్తే మరమ్మత్తు అయిపోయింది, చాలామందికి అసలు అట్లాంటిది వచ్చి పోయిందని కూడా తెలీదు. సొంతంగా కంపైల్ చేసుకున్నోడికి ఆ బటన్ పనిచెయ్యదు. వాడు వార్తలు చూస్తా ఉండాల, కొత్త సోర్స్ దించాల, మళ్లీ కాన్ఫిగ్, మళ్లీ మేక్, మళ్లీ బూట్ చేసి చూసుకోవాల. స్టేబుల్ కెర్నల్‌కి మరమ్మత్తులు దాదాపు వారం వారం వస్తానే ఉంటాయి. మొదటి వారం చేస్తాడు, రెండో వారం చేస్తాడు, మూడో వారం ఎవరిదో పెండ్లి ఉంటాది. ఇంట్లో ఒక్కడే వాడే మిషన్ అయితే ఏదోలే అనుకోవచ్చు, కానీ నెట్ సెంటర్లు, కాలేజీ ల్యాబులు, సచివాలయాలు లాంటి చోట రోజుకి యాభై మంది కూర్చోని లేచిపోతారు, మామూలు యూజర్ లాగిన్ ఎవడి చేతిలో పడుతుందో తెలీదు. మీ పేపర్ చదివి ఏ ఊళ్లోనో ఒక ల్యాబ్ కుర్రోడు ముప్పై మిషన్లకి ఇట్ల చేసిపెట్టి ఉద్యోగం మారి పోయినాడనుకోండి, ఆ ముప్పై మిషన్లని తర్వాత చూసేదెవరు?

ఇంకో అపోహ కూడా ఉంది, మన ప్రాసెసర్‌కి తగినట్టు కంపైల్ చేస్తే అది పరిగెత్తుతాది అని. వీడియో ఎన్‌కోడ్ చేసే ప్రోగ్రాం లాంటి వాటికి కొంత నిజం. కెర్నల్‌కి మాత్రం ఆ లాభం పెద్దగా లేదు, దాని కోడ్‌లో దశాంశాల లెక్కలు దాదాపు ఉండవు, అట్లాంటి లెక్కలకి వాడే ఎస్ఎస్ఈ అనే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లని కంపైల్ చేసేటప్పుడే వాడద్దని చెప్పి ఉంటారు. పైగా డిఫాల్ట్ కెర్నల్ ఆన్ అయ్యేటప్పుడు ప్రాసెసర్ ఏమిటో చూసుకుని తన కోడ్‌లో కొన్ని ముక్కలని అక్కడికక్కడే మార్చుకుంటాది. ఆడియో రికార్డింగ్ వాళ్లు ప్రీఎంప్షన్ (ఒక పనిని నడుమ ఆపి ఇంకో పనికి ప్రాసెసర్ ఇచ్చేది) మార్చుకోవాలని కంపైల్ చేసేవాళ్లు ఒకప్పుడు, ఇప్పుడు చాలా డిఫాల్ట్ కెర్నల్స్‌లో బూట్ లైన్లో ప్రీఎంప్ట్ ఈక్వల్స్ ఫుల్ అని ఒక మాట చేర్చుకుంటే చాలు. స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా, ఎప్పుడు వాడాలనేది కూడా ఒక్క నంబరు, స్వాపీనెస్ అంటారు, కంపైల్ అక్కర్లేదు. జీర్యామ్ అనే మెమరీ కుదింపు కూడా డిఫాల్ట్‌లోనే మాడ్యూల్‌గా కూర్చోని ఉంది, ర్యామ్ తక్కువ ఉన్న మిషన్లకి అది నిజంగా పనికొస్తాది. వ్యాసంలో దాని ఊసే లేదు.

ఫోన్ల సంగతి చూడండి. మనందరి జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లో నడిచేది లినక్స్ కెర్నలే. ఏళ్ల తరబడి ప్రతి చిప్ కంపెనీ, ప్రతి ఫోన్ కంపెనీ ఎవరి కెర్నల్ వాళ్లు మార్చుకుని కంపైల్ చేసుకుంటా పోయినారు, ఫోన్‌కో కెర్నల్. దాంతో ఏమైంది, మూలంలో మరమ్మత్తు చేసినా అది ఫోన్ దాకా చేరేసరికి నెలలు, కొన్నిటికి అసలు చేరనే చేరలా. చివరికి గూగుల్ వాళ్లే ఇట్ల కాదని జెనరిక్ కెర్నల్ ఇమేజ్ అని ఒకటి తెచ్చినారు, ఆండ్రాయిడ్ 12 తో 5.10 కెర్నల్ మీద వచ్చే కొత్త ఫోన్ల నుంచి నడిమి గింజ అందరికీ ఒకటే, ఎవరి హార్డ్‌వేర్ సామాను వాళ్లు మాడ్యూల్స్‌గా పక్కన తగిలించుకోవాల. చేతిలో వేల మంది ఇంజనీర్లు ఉన్న కంపెనీలకే సొంత కెర్నల్ మోసేది భారమైంది, నేను జెరాక్స్ అంగడి వాడిని.

అట్లని కంపైల్ అనేది పనికిమాలింది అనడంలా నేను. చిన్న రౌటర్లో 8 ఎంబీ ఫ్లాష్‌లో అంతా ఇరికించాలంటే కంపైల్ చెయ్యాల్సిందే. కొత్త ల్యాప్‌టాప్‌లో ఏదో చిప్పుకి ప్యాచ్ వచ్చి ఇంకా మెయిన్ కెర్నల్లో కలవలేదంటే చెయ్యాల్సిందే. నిన్న పనిచేసింది ఈ రోజు పనిచెయ్యలేదు, నడుమ ఏ మార్పు చెడగొట్టిందో పట్టుకోవాలంటే సగానికి సగం కోసుకుంటా పోయి ఒక్కోటీ కంపైల్ చేసి చూడాల. పెద్ద పెద్ద కంపెనీలు సర్వర్లకి సొంత కెర్నలే వాడతాయి, వాళ్లకి దాన్ని చూసుకునే టీములుంటాయి. ఆస్ట్రేలియాలో కాన్ కొలివాస్ అని ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టర్ ఒకాయన, ప్రోగ్రామింగ్ ఆయన వృత్తే కాదు, డెస్క్‌టాప్ వాడేవాళ్లకి మిషన్ చురుగ్గా పలకాలని ప్రాసెసర్ టైమ్ పంచే కోడ్‌నే తిరగరాసుకుంటా పోయినాడు. ఆయన కోడ్‌ని తీసుకోలేదు గానీ అందరికీ సమానంగా పంచొచ్చు అని ఆయన చూపించిన దారినే ఇంగో మోల్నార్ అనే కెర్నల్ ప్రోగ్రామర్ ఆ పంచే కోడ్‌ని (షెడ్యూలర్ అంటారు) కొత్తగా రాసి 2007 లో 2.6.23 లో కలిపినాడు, ఆయన పేరు చెప్పే కలిపినాడు. డాక్టర్ గారు మనసు విరిగి అదే ఏడాది పక్కకి తప్పుకున్నాడు, అది వేరే కథ.

పిల్లలు నేర్చుకునేదానికైతే మాత్రం తప్పకుండా చెయ్యాల అంటాను. మా వాడి కాలేజీ పేరు చెప్పను గానీ ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ అంటే ప్రాసెసర్‌ని వంతుల వారీగా పంచే రౌండ్ రాబిన్ పద్ధతిని సీ ప్రోగ్రాంలో రాసి, యావరేజ్ వెయిటింగ్ టైమ్ ప్రింట్ చేసి, రికార్డులో అతికించి సంతకం పెట్టించుకోవడం. నేను డిగ్రీ చదివినప్పుడూ అదే. నిజంగా నడిచే కెర్నల్ లోపల ఒక్క లైన్ మార్చి, బూట్ చేసి, ప్యానిక్ చూసి, ఎందుకొచ్చిందో వెతికినోడు వందలో ఒకడు కూడా ఉండడు. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మిషన్లో చేసుకుంటే నష్టం ఏమీ లేదు, పాడైతే ఆ విండో మూసేసి ఇంకోటి తెరుస్తారు, హాల్ టికెట్ల క్యూ ఏమీ ఆగదు. మా వాడు ఈ మూడు రోజుల్లో నేర్చుకున్నంత మూడేళ్లలో నేర్చుకోలేదని వాడే చెప్తాండాడు. మీ పేపర్లో కంపైల్ గురించి రాయాలంటే ఇట్ల రాయండి సార్, పిల్లల పేజీలోనో, చదువు పేజీలోనో. స్పీడ్ మందు అని అమ్మద్దండి.

పాత కంప్యూటర్ ఉన్నోళ్లకి నేను రోజూ అంగట్లో చెప్పేది ఇంతే, ముందు ఎస్ఎస్‌డీ వేయించండి, కుదిరితే ర్యామ్ పెంచండి, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ ఎంచుకోండి, ఫ్యాన్‌లో దుమ్ము దులిపి ప్రాసెసర్ మీద కొత్త పేస్ట్ పెట్టించండి (మా ఊరి దుమ్ముకి ఇది రెండేళ్లకోసారి తప్పదు, చాలా మిషన్లు స్లో అయ్యేది వేడికే), అప్‌డేట్ వచ్చినప్పుడు నొక్కండి. కెర్నల్ జోలికి పోవద్దండి.

డ్రైవర్లన్నీ మెమరీలో కూర్చుంటాయి అన్న మాటకైనా చిన్న సవరణ వేస్తారని ఆశ. రాసినాయన ఒప్పుకోకపోతే అనంతపురం వైపు వచ్చినప్పుడు మా అంగడికి రమ్మనండి, మూడో మిషన్ గ్రబ్ మెనూలో ఉగ్గాని ఇంకా రెండో లైన్లో అట్లే ఉండాది, రెండూ పక్కపక్కన బూట్ చేసి చూపిస్తాను. పెన్‌డ్రైవ్ మాత్రం తెచ్చుకోవద్దని చెప్పండి.

ఇట్లు,
ఒక డీటీపీ అంగడి వాడు,
కమలానగర్, అనంతపురం